అటక మీది పెట్టెలు, సగంలో ఆగిన ఓడ

ఈసారి ఉత్తరం విశాఖపట్నం నుంచి వచ్చింది. పేరు వద్దన్నారు. రాసినవారికి 44 ఏళ్లు, ఒక ప్రైవేటు కంపెనీ లెక్కల విభాగంలో పని. భార్య బడిలో టీచరు. తొమ్మిదేళ్ల పాప ఉంది. షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన 74 ఏళ్ల తండ్రి కూడా వీరితోనే ఉంటారు. నలుగురూ ఉండేది మధురవాడలో, 2019లో అప్పు చేసి కొన్న ఫ్లాటులో.

ఆయన చిన్నతనం షిప్‌యార్డు కాలనీలో గడిచింది. 1990 వేసవిలో, సరకు ఓడల్లో ఇంజినీరుగా ఉన్న మేనమామ సెలవు మీద వస్తూ ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చారు. అందులో ఉన్నది లెగో సముద్రపు దొంగల ఓడ, అంటే చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు ఒకదానికొకటి జోడించి కట్టుకునే బొమ్మ. బట్టతో చేసిన తెరచాపలు, ఒక కోతి, ఒక చిలుక, చేతికి కొక్కెం, కాలికి కొయ్య ఉన్న కెప్టెన్. మామా అల్లుళ్లు నాలుగు రోజులు నేల మీద బోర్లా పడుకుని ఆ ఓడ కట్టారు. పదో తరగతి దాకా ఆ పిల్లవాడు దాన్ని ఎన్నిసార్లు విప్పి మళ్లీ కట్టాడో లెక్క లేదు. తరువాత అది గాజువాక ఇంటి పైగదిలోకి చేరింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు ఆ గది రేకులు లేచిపోయాయి. మర్నాడు పెరటి బురదలో వెతికితే 37 ముక్కలు, కెప్టెన్ బొమ్మ దొరికాయి. అప్పటికి బతికే ఉన్న అమ్మగారు వాటిని కడిగి, బిస్కెట్ల డబ్బాలో పోసి కొడుకు చేతికి ఇచ్చారు.

2021 ఆగస్టులో ఆయన మళ్లీ ఒక లెగో సెట్టు కొన్నారు. ఆ తరువాత కోట, అంతరిక్ష నౌక, రైలు, ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఇప్పటికి 16 పెట్టెలు, సుమారు 2,40,000 రూపాయలు. పార్సిళ్లన్నీ ఆఫీసు చిరునామాకే తెప్పించుకున్నారు. వాటిలో విప్పినవి రెండే. మిగిలిన 14 పెట్టెలు సీలు కూడా తియ్యకుండా అటక మీద, సూట్‌కేసుల వెనక ఉన్నాయి. క్రెడిట్ కార్డు మీద 92,000 బాకీ ఉంది. ఏడాదిగా నెలనెలా కనీస మొత్తమే కడుతున్నారు.

విప్పిన రెంటిలో ఒకటి దొంగల ఓడ. పోయిన వేసవిలో మొదలుపెట్టారు. ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి పాప, కట్టే వరుస ప్రకారం నంబర్లు వేసి ఉండే ముక్కల సంచుల్లో నాలుగోది, అయిదోది విప్పి, రెండూ కలిపేసి, తన బొమ్మకు ఇల్లు కడుతోంది. ఆయన గట్టిగా అరిచారు. పాప బాత్‌రూములోకి వెళ్లి గడియ పెట్టుకుంది. ఆ రోజు నుంచి ఆ ముక్కలను ముట్టుకోలేదు. ఓడ కూడా సగంలోనే ఆగిపోయింది.

దసరా సెలవులకు ఊరు వెళ్దామని భార్య సూట్‌కేసు కోసం అటక ఎక్కారు. "ఇవి ఎవరివి?" అని అడిగారు. "ఆఫీసులో స్నేహితుడివి, దాచమన్నాడు" అని ఈయన అన్నారు. పది రోజులకు కార్డు బిల్లు ఆమె కంటపడింది. ఆమె అరవలేదు. "మీ స్నేహితుడు డబ్బులు ఇచ్చేశాడా?" అని మాత్రం అడిగారు. అప్పటి నుంచి పాలు, కూరలు, పాప ఫీజు, ఇంతవరకే మాటలు. తండ్రికి తెలిసి, "నీ వయసులో నేను నిజం ఓడలు కట్టాను" అన్నారట.

ఇది జబ్బా, అన్నీ అమ్మేస్తే సరిపోతుందా, ఆమె నన్ను మళ్లీ నమ్మేదెలా అని ఆయన అడుగుతున్నారు.

మీ ఉత్తరం నేను మూడుసార్లు చదివాను. మొదటి ప్రశ్నకు జవాబు తేలిక, కాబట్టి ముందు అది చెప్పేస్తాను. బొమ్మలంటే ఇష్టం ఉండటం జబ్బు కాదు. పిల్లతనమూ కాదు. మీలాంటి పెద్దవాళ్లు ప్రపంచమంతటా ఎంతమంది ఉన్నారంటే, లెగో కంపెనీయే 2020 నుంచి కొన్ని పెట్టెల మీద 18 ఏళ్లు పైబడినవారికి అని అచ్చువేసి అమ్ముతోంది. తమకు తొంభై ఏళ్లు నిండిన 2022లో, 1979 నాటి అంతరిక్ష నౌకను మళ్లీ మలిచి తెచ్చింది. పాత కోటల జ్ఞాపకంగా 4,514 ముక్కల కోటనూ తెచ్చింది. ఆనాడు వాటితో ఆడుకుని ఇప్పుడు తలలు నెరుస్తున్నవాళ్లను తలచుకునే వాటిని చేశారు.

మా ఇంట్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతాం. మా అమ్మ నుంచి నాకు వచ్చిన ట్రంకుపెట్టె ఒకటి ఉంది. ఏటికొప్పాక లక్క బొమ్మలు, కొండపల్లి అంబారీ ఏనుగు, ముక్కు విరిగిన మట్టి వామనుడు, అన్నీ పాత చీర ముక్కల్లో చుట్టి ఉంటాయి. ఏడాదికి ఒకసారి తీస్తాను. అంకుడు కర్ర మీద లక్క నునుపు నా వేళ్లకు ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది. అరవై దాటిన నేను ఒక్కో బొమ్మనూ గుడ్డతో తుడుస్తూ పూటంతా కూర్చుంటే, ఈ వయసులో బొమ్మలేమిటని ఇంట్లో ఎవరూ అనరు. మెట్లు కట్టి, తెల్లబట్ట పరిచి, పేరంటం పిలిచి అందరి కళ్లముందు పెడతాం కదా. మీ బొమ్మలకు ఆ చోటు దొరకలేదు. వాటిని మీరే అటక ఎక్కించారు.

లెగో సంగతులు మీకు నాకన్నా బాగా తెలుసు. మీ శ్రీమతి కూడా ఈ పేజీ చదవాలని నా కోరిక కాబట్టి రెండు మాటలు చెబుతాను. డెన్మార్క్‌లోని బిల్లుండ్ అనే ఊళ్లో ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1932లో చెక్కబొమ్మలు చెయ్యడం మొదలుపెట్టాడు. 'బాగా ఆడుకో' అని అర్థం వచ్చే రెండు డేనిష్ మాటలు కలిపి లెగో అని పేరు పెట్టాడు. ప్లాస్టిక్ ఇటుకలు 1949లో వచ్చాయి. అయితే అవి ఒకదాన్నొకటి సరిగ్గా పట్టుకునేవి కావు. 1958 జనవరిలో ఆయన కొడుకు గాడ్‌ఫ్రెడ్ ఇటుక అడుగున గొట్టాలు పెట్టి పేటెంటుకు దరఖాస్తు చేశాడు. కింది ఇటుక బొడిపెలు పై ఇటుక గోడకూ గొట్టాలకూ మధ్య బిగుసుకుంటాయి. చిన్నగా టక్కుమని శబ్దం వస్తుంది. గట్టిగా నిలుస్తాయి, చిన్నపిల్ల గోటితో లాగినా విడిపోతాయి. ఆ కొలత ఇప్పటిదాకా మారలేదు. 1958లో చేసిన ఇటుక ఈ ఏడాది చేసిన ఇటుకకు పట్టుకుంటుంది.

అంటే ఆ బిస్కెట్ల డబ్బాలోని 37 ముక్కలు మీ కొత్త ఓడకు పడతాయి. ఇది మీకు తెలియనిది కాదు. అయినా, కొన్న ఇన్నేళ్లలో ఒక్క పాత ముక్కనైనా కొత్త ముక్కకు జోడించి చూశానని మీరు ఎక్కడా రాయలేదు.

పైన సారాంశంలో నేను కావాలనే వదిలిన మాట ఒకటుంది. ఉత్తరం మూడో పేజీలో మీరు ఇలా రాశారు: "2021 మేలో కరోనాతో మావయ్య పోయారు, చివరి చూపు కూడా దక్కలేదు." దాని పక్క వాక్యం కార్డు వడ్డీ గురించి. ఆ వాక్యం దగ్గర మీ కలం ఒక్క క్షణం కూడా ఆగలేదు. మావయ్య పోయింది మేలో, మీరు మొదటి పెట్టె కొన్నది ఆగస్టులో. అది ఏ సెట్టు? పైరేట్స్ ఆఫ్ బారకుడా బే. 1989లో వచ్చిన బ్లాక్ సీస్ బారకుడా అనే ఓడకు కొనసాగింపుగా 2020లో వచ్చిన 2,545 ముక్కల సెట్టు. మావయ్య తెచ్చింది ఆ పాత ఓడేనని మీరే రాశారు. కొత్త దానిలో ఓడ పగిలి, ముక్కలై దీవి మీద పడి ఉంటుంది. ఆ ముక్కలను దీవి నుంచి తీసి వరుసగా జోడిస్తే మళ్లీ ఓడ అవుతుంది.

దుఃఖమే ఇదంతా చేయించిందని నేను తేల్చి చెప్పను. ఉత్తరం చదివి మనిషి మనసు లోతు కొలిచేదాన్ని కాను. మీరే కూర్చుని ఆలోచించండి. ఆ ఏడాది మన ఊళ్లో ఎన్నో ఇళ్లలో పదిమందిలో కూర్చుని ఏడ్చే వీలు లేకపోయింది. పెట్టె ఇంటికి వచ్చిన సంతోషం రెండు రోజుల్లో తగ్గిపోతోందని, వెంటనే మరొకటి వెతుకుతున్నానని మీరు రాశారు. కొనడానికి ఫోనూ కార్డూ ఉంటే చాలు, పక్కన ఎవరూ అక్కర్లేదు. మావయ్యతో కలిసి ఆ నాలుగు రోజులూ మీరు చేసింది కట్టడం. కొత్తవాటిలో మీరు ఇంతవరకు కట్టింది ఒకటిన్నర బొమ్మ.

ఇక మీ శ్రీమతి సంగతి. "ఆమెకు బొమ్మలంటే చులకన" అని రాశారు. ఆమె బొమ్మలను చులకన చేసిన మాట కోసం ఉత్తరమంతా వెతికాను. ఒక్కటీ కనిపించలేదు. ఆమె అడిగినవి రెండు ప్రశ్నలు. మొదటి దానికి మీరు అబద్ధం చెప్పారు. రెండోది ఆ అబద్ధం గురించే. ఆమె మనసులో ఇప్పుడు తిరుగుతున్నది పెట్టెలు కావనుకుంటాను. ఆ లేని స్నేహితుడు తిరుగుతుంటాడు. ఇంత తేలిగ్గా ఒక మనిషిని సృష్టించి చెప్పగలిగితే, ఇంకెన్ని సృష్టించి చెప్పారో అని ఆమె వెనక్కి లెక్కలు వేసుకుంటూ ఉంటుంది.

ఇంకో మాట. ఫ్లాటు వాయిదాలు మొదలైనప్పుడు ఆమె వీణ తరగతులు మానేశారని, నెలకు 1,500 మిగులుతాయని తానే అన్నారని రాశారు. ఆమె ఎంత సర్దుకుపోయే మనిషో చెప్పడానికి మీరు ఆ మాట రాశారు. నాకు మాత్రం మనసు కలుక్కుమంది. ఆమె తనకు ఇష్టమైనదాన్ని అందరికీ చెప్పి వదులుకున్నారు. మీరు మీకు ఇష్టమైనదాన్ని ఎవరికీ చెప్పకుండా పెంచుకున్నారు. లెక్కలు మీ వృత్తి. 2021 ఆగస్టు నుంచి నెలకు 1,500 చొప్పున కూడి చూడండి. మీ కార్డు బాకీకి దగ్గరదగ్గరగా వస్తుంది. ఈ కూడిక ఆమె ఇప్పటికే వేసుకుని ఉంటారు, బడిలో లెక్కలు చెప్పేది ఆమె కదా.

కాబట్టి నమ్మకం గురించి అడిగిన ప్రశ్నకు నేను చెప్పగలిగేది ఇది. చెప్పడానికి రెండు దారులున్నాయి. ఆమె అడిగినప్పుడల్లా అడిగినంత చెప్పడం ఒకటి. ఇప్పుడు మీరు చేస్తున్నది అదే. అది మీకు సులువు. ఆమెకు మాత్రం ప్రతిసారీ కొత్త గాయం, ఇంకా ఏముందో అన్న అనుమానం. రెండోది, ఆమె అడగకముందే మొత్తం ముందు పెట్టడం. 16 పెట్టెల పేర్లు, కొన్న తేదీలు, ధరలు, కార్డు బిల్లులు, అన్నీ ఒక కాగితం మీద. పాప నిద్రపోయాక, ఫోను పక్కన పెట్టి, ముందుగా "స్నేహితుడు ఎవరూ లేరు, నేను అబద్ధం చెప్పాను" అన్న మాట నోటితో అనండి. బిల్లు చూశారు కాబట్టి ఆమెకు తెలిసిపోయిందిలే అని ఆ మాట దాటవేయకండి. మావయ్య సంగతి ఆ రాత్రి ఎత్తకండి. అది నిజమైనా, ఆ సమయంలో సాకులా వినిపిస్తుంది. మరో రోజు, ఆమె అడిగితే చెప్పండి. ఇలా చేస్తే ఆమె వెంటనే కరిగిపోతారని నేను హామీ ఇవ్వను. ఇంకా కోపం రావచ్చు, నాలుగు రోజులు పుట్టింటికి వెళ్తానని అనవచ్చు. ఆ కోపానికి ఆమెకు హక్కు ఉంది. మీరు తిరిగి వాదించకుండా విన్నారా లేదా అన్నదే ఆమెకు గుర్తుంటుంది.

"ఇవి పెట్టుబడి, పాప పెద్దయ్యేసరికి ధర పెరుగుతుంది" అన్న వాదన మాత్రం ఆ రాత్రి అసలు వద్దు. అందులో కొంత నిజం ఉంది, నేను కొట్టిపారెయ్యను. 1987 నుంచి 2015 వరకు లెగో సెట్ల ధరలను పరిశీలించిన మాస్కో ఆర్థికవేత్తలు సగటున ఏడాదికి 11 శాతం దాకా రాబడి వచ్చిందని లెక్కకట్టారు. అయితే సెట్టుకూ సెట్టుకూ తేడా చాలా ఎక్కువ, నష్టపోయినవీ ఉన్నాయి. పైగా అది పాత సెట్లు విరివిగా చేతులు మారే దేశాల లెక్క. మన దగ్గర బొమ్మల దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. మీరు కొన్నప్పుడే ఆ భారమంతా మోశారు. అమ్మేటప్పుడు ఆ మొత్తం ఇచ్చే కొనుగోలుదారు ఇక్కడ అంత తేలిగ్గా దొరకడు. సముద్రపు తేమకు అట్టపెట్టె మెత్తబడితే ధర ఇంకా పడిపోతుంది. వీటన్నిటికీ మించి, కార్డు వాళ్లు నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ వేస్తారు. ఏడాదికి నలభై దగ్గరకు వస్తుంది. పదకొండు వస్తుందన్న ఆశతో నలభై కట్టడాన్ని మీ ఆఫీసులో ఎవరైనా ఫైలు పెడితే మీరు సంతకం చేస్తారా?

అన్నీ అమ్మేస్తే సరిపోతుందా అన్నారు. అమ్మవచ్చు. బాకీ చాలావరకు తీరుతుంది, అటక ఖాళీ అవుతుంది, ఆ వారం మనసు తేలికపడుతుంది. కాని తొందరపడి ఒకేసారి అమ్మితే కొన్న ధరలో సగం వచ్చినా వచ్చినట్టే. మరో చిక్కు కూడా ఉంది. తనకు తాను శిక్ష వేసుకున్న మనిషి కొన్నాళ్లకు ఆ శిక్షను ఇంట్లోవాళ్ల ఖాతాలో రాస్తాడు. "మీ కోసం అన్నీ వదులుకున్నాను" అన్న మాట ఏదో ఒక గొడవలో బయటికి వస్తుంది. ఆమె అమ్మమని అడగలేదు కూడా.

అన్నీ ఉంచుకుని జీతంలోంచి బాకీ నెమ్మదిగా తీర్చడం ఇంకో దారి. మీ జీతం, ఫ్లాటు వాయిదా చూస్తే దానికి రెండేళ్లయినా పడుతుంది. ఆ రెండేళ్లూ అటక వైపు చూసినప్పుడల్లా ఇద్దరికీ గొంతులో ముల్లులా ఉంటుంది. ఇది నాకు నచ్చలేదు, అయినా మీ ఇల్లు, మీ నిర్ణయం.

మధ్యేమార్గం కొంచెం ఓపికతో కూడిన పని. 14 పెట్టెలూ కిందికి దించండి. నిజంగా కట్టాలని ఉన్నవి ఏవో, తగ్గింపు ధరకు వస్తున్నాయని కొన్నవి ఏవో విడదీయండి. మీకే తెలుస్తుంది. కట్టాలని ఉన్న రెండు మూడు ఉంచుకుని మిగిలినవి తొందర లేకుండా, ఒక్కొక్కటిగా, వీటిని ఇష్టపడేవాళ్లకే అమ్మండి. వచ్చిన ప్రతి రూపాయీ నేరుగా కార్డుకు వెళ్లాలి. అంతవరకు మిగిలిన బాకీని బ్యాంకుతో మాట్లాడి తక్కువ వడ్డీ వాయిదాల్లోకి మార్చుకునే వీలుందేమో అడగండి. ఏ పెట్టెలు ఉండాలో ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని తేల్చడం మంచిది. ఆమె రానంటే బలవంతం చెయ్యకండి, కాగితం మాత్రం ఆమెకు కనిపించేచోట ఉంచండి.

బాకీ తీరాక మళ్లీ కొనాలని ఉంటే, ఇద్దరికీ సమానంగా నెలకు కొంత సొమ్ము కేటాయించుకోండి. ఆమె వాటా ఎంతో మీ వాటా అంతే. ఆమె దానితో వీణ నేర్చుకుంటారో, దాచుకుంటారో మీరు అడగకూడదు. మీరు ఏ బొమ్మ కొన్నారో ఆమె అడగరు, అయితే పార్సిలు ఇంటికే రావాలి. పెద్ద సెట్టు కావాలంటే పద్దెనిమిది నెలలు ఆగాల్సి రావచ్చు. ఆగండి. ఈలోగా విడి ఇటుకలతో సొంతంగా కట్టే దారి కూడా ఉంది. మీ ఉత్తరంలో ఎక్కడా ఆ ఊసు లేదు.

ఒక పరీక్ష పెట్టుకోండి. ఈ రోజు నుంచి తొంభై రోజులు ఒక్కటి కూడా కొనకుండా ఉండండి. అమ్మకాల యాప్‌లు ఫోను నుంచి తీసెయ్యండి. మొదటి రెండు వారాలు చెయ్యి లాగుతుంది, అది సహజం. కొనకుండా ఉండలేక మళ్లీ రహస్యంగా కొన్నా, నిద్ర పట్టకపోయినా, అప్పుడు అది ఇష్టం దాటి పోయిందన్నమాట. సిగ్గుపడకుండా సాయం తీసుకోండి. 14416కు ఫోను చేస్తే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీమానస్ సేవలో తెలుగులోనే మాట్లాడవచ్చు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికి వెళ్లడం కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లడం లాంటిదే.

పాప దగ్గరికి వద్దాం. ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆమె గడియ పెట్టుకున్న ఆ బాత్‌రూము. ఒక్కసారి ఆ పిల్ల వైపు నుంచి చూడండి. నాన్న ఒక సాయంత్రమంతా ఓడ కడుతుంటే పక్కన కూర్చుని చూసింది. మర్నాడు తనూ కట్టింది. నంబర్ల ప్రకారం కట్టలేదు, నిజమే. 1990లో మీకు తొమ్మిదేళ్లు. నాలుగు రోజుల్లో మీరు ఒక్క ముక్క కూడా తప్పుచోట పెట్టలేదా? మావయ్య ఏమన్నారు? గుర్తుంటే అదే మాట పాపకు చెప్పండి.

ఎనిమిది బొడిపెల ఒకే రంగు ఇటుకలు రెండింటిని 24 రకాలుగా జోడించవచ్చు. ఆరు ఇటుకలైతే 91,51,03,765 రకాలు. ఒక గణిత ఆచార్యుడు కంప్యూటర్‌తో లెక్కపెట్టి తేల్చిన అంకె ఇది. పెట్టెతో వచ్చే పుస్తకంలో చూపించేది అందులో ఒక్క రకం. పాప కట్టిన ఇల్లు మరో రకం. ఆమె వెళ్లి వెళ్లి ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామినో, డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌసునో కట్టాలనుకుంటే, దానికి ఏ కంపెనీ పెట్టె అక్కర్లేదు, విడి ఇటుకలు చాలు.

క్షమాపణ ఆమెకు విడిగా చెప్పాలి. "అరిచాను, తప్పు నాది" అంటే సరిపోతుంది. 'కాని' అన్న మాట చేర్చకండి. ఆ తరువాత ఒక ఆదివారం ఆ కలిసిపోయిన రెండు సంచుల ముక్కలనూ పెద్ద స్టీలు పళ్లెంలో పోయండి. ఆ గలగల శబ్దానికే పాప వంటింట్లోంచి తొంగిచూస్తుంది. పెద్దవి, పలకలు, వంపు ముక్కలు వేరువేరు పళ్లాల్లోకి తియ్యండి. ఒక్క బొడిపె ఉన్న చిన్నవాటికి ఇడ్లీ రేకులు తీసుకోండి. ఒక్కో గుంటలో ఒక్కో రంగు వెయ్యవచ్చు, వేలితో తీసుకోవడానికి వీలుగా ఉంటుంది, దొర్లిపోవు. మా పక్కింటి పిల్లలు పూసలు అలాగే వేరు చేస్తారు. గంటన్నరలో రెండు సంచులూ విడిపోతాయి. ఒకటి రెండు ముక్కలు కనిపించకపోతే, అవి లేకుండా కూడా ఓడ నిలబడుతుంది. ఆమె మొదటి రోజు ముట్టుకోకపోవచ్చు. పిలవకండి. మీరు వేరు చేస్తూ ఉండండి, పక్కన ఒక ఖాళీ పళ్లెం ఉంచండి.

చివరగా నాన్నగారు. "నీ వయసులో నేను నిజం ఓడలు కట్టాను" అన్న మాట మీకు చురుక్కున తగిలింది, తగలాల్సిందే. కాని ఆ మాటలో ఎగతాళి ఒక్కటే వినకండి. 1948 మార్చిలో నెహ్రూ చేతుల మీదుగా జలఉష అనే ఓడ నీళ్లలోకి దిగిన షిప్‌యార్డు అది. ఇప్పటికీ మీ ఊళ్లో ఆ ప్రాంతాన్ని పాత యజమాని కంపెనీ పేరుతో సింధియా అనే పిలుస్తారు. అక్కడ ముప్పై ఏళ్లు పైగా పలకకు పలక జోడించిన మనిషి మీ ఇంట్లో కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. ఆయనను ఎవరైనా చివరిసారి ఓడల గురించి ఎప్పుడు అడిగారు? మీ సెట్టులో ఓడ అడుగుభాగం జోడించే రోజున, వెన్నుదూలం ముందు వేస్తారా, పక్కలు ముందు నిలబెడతారా అని అడిగి చూడండి. ఆయన విసుక్కోవచ్చు. కుర్చీ కొంచెం దగ్గరకు జరుపుకోనూవచ్చు. మీ మావయ్య ఆ ఓడల్లో తిరిగారు, మీ నాన్నగారు ఆ ఓడలు కట్టారు. వాళ్లిద్దరూ బావా బావమరుదులు. ఆయనకు కూడా ఆ మేలో చివరి చూపు దక్కలేదు.

ఓడ పూర్తయితే ఎక్కడ పెట్టాలో కూడా ముందే అనుకోండి. హాల్లో అందరికీ కనిపించేచోట పెట్టండి, పడమటి కిటికీ పక్కన మాత్రం వద్దు, ఎండకు తెల్ల ముక్కలు పసుపెక్కుతాయి. మీ డబ్బాలోని పాత తెల్లవి ఇప్పటికే అలా మారాయని రాశారు. వాటిని ఓడ లోపల కనిపించకుండా వాడవచ్చు, లేదా పైవరుసలో కొత్త తెల్లవాటి మధ్యనే పెట్టవచ్చు. రంగు తేడా తెలుస్తుంది. పాప "ఇవెందుకు ఇలా ఉన్నాయి?" అని అడుగుతుంది.